ఓటీపీ ఎవరి ఫోన్‌కి వస్తోంది?

మదనపల్లె, పుంగనూరు, కుప్పం. మా వైపు ఉన్న ఈ మూడు ఊళ్ళలో ఒక లైబ్రరీకి పోయిన ఏడాది మా అక్క కూతుర్ని తీసుకెళ్ళాను. గోడమీద ‘ఉచిత వైఫై’ అని కాగితం అంటించి ఉంది. పిల్ల తన పాత ట్యాబ్ తీసింది. అది ఫోన్ నెంబరు అడిగింది. తనకంటూ నెంబరు లేదు కనక అలవాటుగా వాళ్ళన్న నెంబరు కొట్టింది. నిమిషంలో నాకు ఫోన్. “యాడుండారు? ఓటీపీ దేనికొచ్చింది?”

ఆ పిల్ల వెతకాలనుకున్నది దూరపు ఊళ్ళో హాస్టల్ ఉన్న కాలేజీల గురించి. ఇంట్లో అప్పటికే పెళ్ళి మాటలు నడుస్తున్నాయి. మారు మాట్లాడకుండా ట్యాబ్ మూసేసింది.

ఇదంతా భద్రత కోసమే అంటారు. ఎవరి భద్రత? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడిన ఆడవాళ్ళు నూటికి 21 మంది, మగవాళ్ళు దాదాపు 49 మంది. ఫోన్ ఎవరి చేతిలో ఉందో ఈ లెక్క చూస్తే తెలియదా?

పబ్లిక్ వైఫై వాడేవాళ్ళ గుర్తింపు తీసుకోవాలని టెలికాం శాఖ 2009లో నిబంధన పెట్టింది. కానీ దానికి రెండు దారులు చూపింది: ఫొటో గుర్తింపు కార్డు నకలు, లేదా మొబైల్‌కి వచ్చే పాస్‌వర్డ్. సులువని అందరూ రెండోదే పట్టుకున్నారు. లైబ్రరీలో మనిషి కూర్చునే ఉంటారు కదా! కార్డు చూసి పాస్‌వర్డ్ చీటీ రాసిస్తే ఏం పోతుంది?

అసలు భద్రత వేరే ఉంది. పాస్‌వర్డ్ లేకుండా వదిలేసిన వైఫైలో మనం ఏ సైట్‌కి వెళ్తున్నామో పక్క కుర్చీలోవాడు కనిపెట్టగలడు. దాన్ని ఆపాలి. మనం చదివింది మన ఇంటికి చేరకుండా చూడాలి.

2002లో హెచ్‌పి కంపెనీ కుప్పంలో ‘ఐ-కమ్యూనిటీ’ మొదలుపెట్టినప్పుడు పొదుపు సంఘాల మహిళలు డిజిటల్ కెమెరాలు, ప్రింటర్లు పట్టుకుని ఊళ్ళలో ఫొటోగ్రాఫర్లయ్యారు. యంత్రం చేతికొస్తే వాడలేమా? మదనపల్లెలో పాఠాలు చెప్పిన మార్గరెట్ కజిన్స్ స్త్రీల ఓటు కోసం 1917లోనే కదిలింది. ఆ ఓటు ఇవాళ ఎవరికీ చూపించకుండా వేస్తున్నాం. చదువుకి మాత్రం అన్న అనుమతా?

ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు లైబ్రరీల కోసం కడుతున్నాం. అందులో ఆడవాళ్ళ డబ్బూ ఉంది. మేమడిగేది దయ కాదు. లైబ్రరీ కార్డు మీద, మా పేరున, ఒక పాస్‌వర్డ్.