హీరో ఇల్లు ఏదక్కా?

షేక్‌పేటలో ఉంటున్నానని ఊళ్లో చెప్పడం నాదే తప్పు. ఎవరు ఫోన్ చేసినా మొదటి ప్రశ్న, "అయితే ఫలానా హీరో మీ పక్కింట్లోనేనా?" అని. మా ఇద్దరి మధ్యా ఓ గుట్ట, బోలెడు గేట్లు, అద్దెలో రెండు సున్నాల తేడా ఉన్నాయని ఎవరికని చెప్పను?

పోయిన శనివారం నర్సీపట్నం నుంచి మా పిన్ని కొడుకు దిగాడు. బీటెక్ అయిపోయింది. బ్యాగులో రెండు జతల బట్టలు, స్పైరల్ బైండింగ్ చేయించిన ఓ కథ. అసిస్టెంట్ డైరెక్టర్ అవుతాడట! వాడు బస్సెక్కిన గంటకే పిన్ని నుంచి ఫోన్. "నాలుగు చోట్లా తిప్పి, సరదా తీర్చి పంపించెయ్యమ్మా" అని. ఆదివారం రాత్రికి రిటర్న్ టికెట్ నేనే బుక్ చేశా.

ముందు ఫిల్మ్‌నగర్. మీరూ చుట్టాలకి చూపించే ఉంటారు, అక్కడ నిజంగా కనిపించేది గోడే. గోడ మీద కాగితంపూలు, సీసీ కెమెరా, వాచ్‌మన్ చూపు. మావాడు ఓ గేటు ముందు సెల్ఫీ దిగుతుంటే వెనక హారన్ మోగింది. పక్కకి దూకాడు. నల్ల అద్దాల కారు లోపలికి వెళ్లిపోయింది. "ఎవరక్కా?" అన్నాడు. నాకేం తెలుసు, వాళ్లింటికి కూరగాయలు తెచ్చిన కారేమో!

రామానాయుడు స్టూడియో దగ్గర మాత్రం చాలాసేపు నిలబడ్డాడు. అత్యధిక సినిమాలు తీసిన నిర్మాతగా గిన్నిస్‌కెక్కిన డి.రామానాయుడుది కారంచేడు. "ఆయనా ఊరి నుంచి వచ్చినాయనే కదక్కా" అన్నాడు. నేను స్కూటీ స్టార్ట్ చేశా.

అక్కడి నుంచి కుతుబ్‌షాహీ సమాధులు ఎంతో దూరం కాదు. చార్మినార్ దగ్గర పది రీల్స్ చేసి ఇటు రాని వాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆగాఖాన్ ట్రస్ట్ వాళ్లు 2013 నుంచి ఏళ్ల తరబడి చేసిన మరమ్మతులతో ఆ గుమ్మటాలకి మళ్లీ కళ వచ్చింది. హైదరాబాద్ కట్టించిన మహమ్మద్ కులీ సమాధి ఇక్కడే. చివరి రాజు తానీషాది మాత్రం ఇక్కడ లేదు. 1687లో గోల్కొండ పడిపోయాక ఔరంగజేబు ఆయన్ని దౌలతాబాద్ కోటలో బంధించాడు. ఖుల్దాబాద్‌లో పూడ్చారు. మావాడు వెంటనే ఫోన్‌లో నోట్ చేసుకున్నాడు. "క్లైమాక్స్ అక్కా ఇది!"

గోల్కొండలో చప్పట్లు కొట్టాం, రామదాసు చెర చూశాం, ఎండకి సగం మెట్ల దగ్గరే కూలబడ్డాం. అంతే.

తిరుగు దారిలో షేక్‌పేట సరాయి దగ్గర ఆపా. ఫ్లైఓవర్ 2022 జనవరి 1న తెరిచాక మేమంతా పైనుంచే పోతున్నాం కానీ, మా పేటలో అసలు చూడాల్సింది ఇదే. 17వ శతాబ్దపు కుతుబ్‌షాహీల సత్రం. రెండంతస్తులు, ముప్పై దాకా గదులు, గుర్రాలకీ ఒంటెలకీ కొట్టాలు, పక్కనే మసీదు. ఎక్కడెక్కడి నుంచో గోల్కొండకి సరుకు తెచ్చిన వర్తకులు ఇక్కడ బస చేసేవాళ్లు. లోపలికి వెళ్లలేదు, బయటి నుంచే ఆ కమానులు చూశాం.

మావాడు ఫొటో తియ్యలేదు. పొద్దున్నుంచీ వాడు ఫోన్ జేబులో పెట్టుకోవడం అదే మొదటిసారి.

"అంటే, కోటలో ఎవరూ తెలీని వాళ్లు ముందు ఇక్కడ దిగేవాళ్లా?"

"ఆఁ. సరుకు అమ్ముడయ్యేదాకా ఉండేవాళ్లేమో."

కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అడిగాడు, "కృష్ణానగర్‌లో షేరింగ్ రూమ్ ఎంతుంటుందక్కా?"

అప్పుడే పిన్ని ఫోన్. "బస్సెక్కాడా?" అంది. ఇంకా టైముంది పిన్నీ, అన్నా. అబద్ధమైతే కాదు.

రాత్రి ఇంట్లో ఆ కథ చదివా. మొదటి ఇరవై పేజీలు మనం చూసేసిన సినిమానే. తర్వాత నర్సీపట్నం కాంప్లెక్స్‌లో ఆఖరి బస్సు కోసం తల్లీ కొడుకూ ఎదురుచూసే సీన్ ఒకటుంది, ముప్పావు పేజీ. రెండుసార్లు చదివా.

టికెట్ క్యాన్సిల్ చేశాను. మూడు నెలలు టైమిచ్చా, రూమ్ దొరికేదాకా మా హాల్లోనే పడుకుంటాడు. పిన్నికింకా చెప్పలేదు. ఈ కాలమ్ ఎవరూ ఆవిడకి ఫార్వర్డ్ చెయ్యకండి ప్లీజ్, గురువారం నేనే ఫోన్ చేస్తా.