కుదురులేని పరమాణువులు

క్వాంటం గణనయంత్రములనుగూర్చి వార్త వెలువడినప్పుడెల్ల ముందుగ వినవచ్చునది సంఖ్యయే. 2025వ సంవత్సరమున అమెరికాలోని కాల్టెక్ పండితులు 6,100 సీసియము పరమాణువులను కాంతిపుంజములతో పట్టి నిలిపిరనగా పలువురు మెచ్చుకొనిరి. మెచ్చదగినదే. కాని పట్టువడిన పరమాణువు కుదురుగ నున్నదా యని యడిగినవా రరుదు.

ఈ యంత్రములందు లేజరు కిరణము పట్టకారువలె ఒక్కొక్క పరమాణువును పట్టియుంచును. అదియే యొక క్యూబిట్. రుబీడియము పరమాణువును కెల్విన్ మానమున డిగ్రీలో లక్షవవంతువఱకు చల్లార్చినను, అది సెకనునకు సుమారు 3 సెంటీమీటర్ల వేగముతో కదలుచునే యుండును. ఈపాటి కదలికకు భయమేల యందురేమో! రెండు పరమాణువులకు పొత్తు గూర్చుటకు వానిని లేజరుకాంతిచే రిడ్‌బర్గ్ స్థితి యను మిగుల నుబ్బిన యవస్థకు లేపవలయును. కదలుచున్న పరమాణువునకు ఆ కాంతి రంగు రవంత మారినట్లు తోచును. రైలుబండి దాటిపోవునప్పుడు కూతస్వరము మారినట్లే. పైగా ఆ క్షణమున పట్టకారునే ఆర్పివేయుట కలదు. క్రియ గతి తప్పును.

హార్వర్డు పండితులు 2023లో 60 పరమాణువులపై నేకకాలమున జరిపిన జంటక్రియలందు నూటికి 99.5 పాళ్లు ఖచ్చితత్వము సాధించిరి. అయినను లెక్క చూడుడు. అట్టి క్రియలు వరుసగ నూరు జరిగినచో, ఒక్క తప్పైనను దొరలకుండుటకు నూటికి 60 పాళ్లే యవకాశము. ఖచ్చితత్వము 99.9 అయినచో అది 90కి పెరుగును. తప్పులు దిద్దుటకే యదనపు పరమాణువులను వినియోగించు పద్ధతి లేకపోలేదు. తప్పులు ఒక మేర దిగినగాని అదియు ఫలింపదు. ఉష్ణచలన మొక్కటే దోషకారణమనుట కాదు. లేజరు లోపములును, రిడ్‌బర్గ్ స్థితి యల్పాయువును గలవు. కాని చలనమును తగ్గించు నుపాయములు చేతిలో నున్నవి. రెండు లేజరులను ఎదురెదురుగ పంపి ఒకదాని మార్పును రెండవదానిచే కొంత కొట్టివేయుట యొకటి. 2012లో బౌల్డరు నగరమున చూపినట్లు కంపనమును మెట్టుమెట్టుగ దింపుట మఱియొకటి. అదే కాల్టెక్‌లో 2025లో, ఇంకను కదలుచున్న స్ట్రాన్షియము పరమాణువులను కనిపెట్టి సరిదిద్దిరి. ఆరువేల సంఖ్యకు వచ్చిన కీర్తిలో దీనికి పదవవంతైనను రాలేదు!

మన కేంద్రమంత్రివర్గము 2023 ఏప్రిలులో ఆమోదించిన జాతీయ క్వాంటం మిషను, 6,003 కోట్ల రూపాయల వ్యయముతో, ఎనిమిదేండ్లలో 50 మొదలు 1,000 క్యూబిట్ల యంత్రములు నిర్మింప సంకల్పించినది. ఇది ప్రజాధనము. కావున ప్రగతి నివేదికలందు క్యూబిట్ల సంఖ్య ప్రక్కనే జంటక్రియల ఖచ్చితత్వమును, పరమాణుయంత్రములయెడ ఉష్ణోగ్రతను గూడ అచ్చువేయవలెనని మేము కోరుచున్నాము. శీతలీకరణవిద్య నభ్యసించు యువకులకు సంవత్సరముల తరబడి ఓపికతో వేతనమీయవలెను.