తప్పెటగుళ్లకు పది నిమిషాలేనా?

ఉత్తరాంధ్ర సంగీత వారసత్వం పేరుతో ఎక్కడ సభ పెట్టినా తంతు ఇంచుమించు ఒకటే. అతిథుల కార్లు గేటు దాటుతుండగా తప్పెటగుళ్ల బృందం ఎండలో ఎదురెళ్లి ఆడుతుంది. దండలు పడగానే వాళ్లు పక్కకు తప్పుకోవాలి. వేదిక మీద వీణో వయొలినో గంటన్నర సాగుతుంది. మధ్యలో ‘జానపద అంశం’ అని పది నిమిషాలు పడేస్తారు. ఇది నాకు మింగుడుపడదు.

శాస్త్రీయ సంగీతానికి ఆ గంటన్నర ఎక్కువని కాదు. 1919లో విజయనగరంలో వెలసిన సంగీత కళాశాల తెలుగువాళ్లందరికీ గర్వకారణం. ద్వారం వెంకటస్వామినాయుడు అక్కడ వయొలిన్ నేర్పారు. ఘంటసాల మధూకరం చేసుకుంటూ చదివింది ఆ ఊళ్లోనే. ఆ కళాశాలకు తొలి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు.

ఆ దాసుగారినే తలచుకోండి. కాళ్లకు గజ్జెలు కట్టి, చేతిలో చిడతలు పట్టి, హరికథంతా తానొక్కరే పాడేవారు, ఆడేవారు. రెండు చేతులు, రెండు కాళ్లు, శిరస్సు, ఇలా ఐదింటితో వేర్వేరు తాళాలు నడిపేవారని ప్రసిద్ధి. ఇప్పుడు తప్పెటగుళ్లు చూడండి. మెడ నుంచి గుండె మీదికి వేలాడే రేకు తప్పెటను రెండు చేతులా వాయిస్తూ, గజ్జెకాళ్లతో చిందేస్తూ, అదే ఊపిరిలో పాట పాడాలి. వలయం తిరుగుతూనే ఉంటుంది, దరువు తప్పకూడదు. ఒళ్లంతా లయ చేసుకోవడం ఇద్దరి విద్యలోనూ ఉంది. ఒకరిని పండితులన్నాం, ఇంకొకరిని స్వాగతం పలకడానికి పిలుస్తున్నాం.

పది నిమిషాల్లో నష్టపోయేదేమిటో కూడా చెప్పాలి. తప్పెటగుళ్ల ఆట నిదానంగా మొదలై, మెట్టు మెట్టుగా వేగం పుంజుకుంటుంది. సమయం లేదంటే వాళ్లు ఆఖరి వేగంతోనే అందుకుంటారు. చూసేవాళ్లకు గెంతులు మిగులుతాయి, పాట చేరదు.

జముకు సంగతి ఇంకా అన్యాయం. కుంచంలాంటి డొల్లకు ఒకవైపు తోలు బిగించి ఉంటుంది. తోలు నడుమ నుంచి తంత్రి ఒకటి బయటికి వస్తుంది. డొల్లను చంకలో ఇరికించి, ఒక చేత్తో తంత్రి లాగి పట్టి, రెండో చేత్తో మీటుతారు. బిగిస్తే శ్రుతి పైకి పోతుంది, సడలిస్తే దిగుతుంది. తాళమూ శ్రుతీ రెండూ ఆ ఒక్క వాద్యంలోనే. కథకుడి గొంతు ఏడిస్తే జముకూ ఏడుస్తుంది. రాత్రంతా కథ నడిపించే వాద్యం అది. మైకువాళ్లేమో పాటగాడి నోటి ముందు ఒక మైకు నిలబెట్టి ఊరుకుంటారు. చంకలోని జముకు మూడో వరసకు కూడా వినపడదు. వీణకు విడిగా మైకు అమర్చే చేతులు దీనికీ అమర్చలేవా?

అరకు థింసానూ వేదిక ఎక్కించడం మానాలి. ఒకరి నడుము వెనక ఒకరు చేతులు పెనవేసి ఆడవాళ్లు గొలుసుగా తిరిగే ఆట అది. మోరి, తుడుము, డప్పు పక్కనే మోగాలి. ఇరుకు వేదిక మీద ఆ గొలుసు తిరగలేక వరసలో నిలబడిపోతుంది. మైదానంలో ఆడనిచ్చి, జనాన్ని చుట్టూ కూర్చోబెట్టండి.

నిర్వాహకులను అడిగేది పెద్దదేమీ కాదు. తప్పెటగుళ్లకు ముప్పావు గంట, ఆ వెంటనే హరికథకు ముప్పావు గంట ఇవ్వండి. జముకుల కథకు రాత్రి భోజనాల తర్వాత సమయం కేటాయించి, ఎంతసేపు సాగితే అంతసేపు సాగనివ్వండి. కచేరీలో మృదంగం వాయించేవారి పేరు కరపత్రంలో వేస్తారు కదా. తప్పెటగుళ్ల గురువు పేరు, జముకు వాయించే వంతల పేర్లు వాళ్ల ఊరితో సహా అవే అక్షరాల్లో వేయండి. పారితోషికం ఆఫీసుల చుట్టూ తిప్పకుండా ఆ రాత్రే చేతికివ్వండి.