పసిమెదడులో మూర్ఛ: కారణం తెలిస్తేనే సరైన వైద్యం

1974లో లండన్ వైద్యులు కొందరు ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. కోరింత దగ్గు టీకా వేసిన తర్వాత మెదడుకు సంబంధించిన ఇబ్బందులు తలెత్తిన 36 మంది పిల్లల వివరాలు అందులో ఉన్నాయి. పత్రికలు, టీవీ దాన్ని అందిపుచ్చుకున్నాయి. బ్రిటన్‌లో ఆ టీకా వేయించుకునే పిల్లలు దాదాపు 80 శాతం నుంచి 30 శాతం దగ్గరికి పడిపోయారు. కోరింత దగ్గు మళ్లీ విజృంభించి పసిపిల్లల్ని పొట్టన పెట్టుకుంది.

ఆ భయానికి శాస్త్రీయమైన సమాధానం 2006లో వచ్చింది. టీకా వల్లే మెదడు దెబ్బతిన్నదని ముద్రపడిన 14 మంది జన్యువుల్ని ఆస్ట్రేలియా నాడీవైద్యుడు శామ్యూల్ బెర్కోవిక్ బృందం పరీక్షించింది. వారిలో 11 మందికి ఎస్‌సీఎన్1ఏ అనే జన్యువులో లోపం ఉంది. అంటే జబ్బు పుట్టుకతోనే ఉంది. టీకా గానీ, దాని తర్వాత వచ్చే జ్వరం గానీ దాన్ని కాస్త ముందుగా బయటపెట్టి ఉండవచ్చు, అంతే. ఇలాంటి పిల్లల్లో మొదటి ఫిట్ టీకా వేసిన ఒకటి రెండు రోజుల్లో వచ్చినా, సంబంధం లేకుండా వచ్చినా, జబ్బు సాగే తీరులో తేడా లేదని 2010లో తేలింది. ఈలోగా ఎందరు తల్లులు ‘నేనే తీసుకెళ్లి సూది వేయించాను’ అని కుమిలిపోయి ఉంటారో తలచుకుంటే మనసు భారమవుతుంది. కారణాల కోసం చేసే పరిశోధన లాబొరేటరీల సరదా అనుకునేవారు ముందుగా ఆ తల్లుల గురించి ఆలోచించాలి.

ఈ జబ్బు పేరు డ్రావే సిండ్రోమ్. ఫ్రాన్స్ వైద్యురాలు షార్లెట్ డ్రావే 1978లో దీన్ని విడిగా గుర్తించారు. 2001లో బెల్జియం శాస్త్రవేత్తలు జన్యువును పట్టుకున్నారు. అసలు చిక్కుముడి అక్కడే మొదలైంది. నాడీకణాల్లో విద్యుత్ సంకేతాలు పుట్టించే సోడియం చానెల్‌ను తయారుచేసే జన్యువది. అది సగం పనిచేస్తే సంకేతాలు తగ్గాలి, ఫిట్స్ కూడా తగ్గాలి. కానీ ఎందుకు పెరుగుతున్నాయి? అమెరికాలో విలియం కాటరాల్ బృందం ఎలుకల మీద చేసిన ప్రయోగాలతో 2006లో జవాబు దొరికింది. ఆ చానెల్ లేక ముఖ్యంగా నీరసపడేది మెదడులో ఇతర కణాల్ని అదుపు చేసే కణాలు. కావలివాళ్లు నిద్రపోతే ఊరు అల్లకల్లోలమైనట్టు, మిగతా కణాలు కట్టు తప్పుతాయి.

దీనితో వైద్యమే మారిపోయింది. ఫిట్స్‌కు మామూలుగా రాసే కార్బమజెపిన్, లామోట్రిజిన్ వంటి మందులు సోడియం చానెల్‌ను అణచివేస్తాయి. డ్రావే ఉన్న బిడ్డకు అవి ఇస్తే ఫిట్స్ ఎక్కువవుతాయి. అదే, పుట్టిన కొద్ది రోజుల్లోనే కేసీఎన్‌క్యూ2 అనే జన్యులోపంతో ఫిట్స్ వచ్చే పసికందుకు చాలాసార్లు కార్బమజెపిన్ చక్కగా పనిచేస్తుంది. కారణం చూడకుండా చీటీ రాస్తే ఒక బిడ్డకు మందైనది మరో బిడ్డకు హాని అవుతుంది.

పసిమెదడు పెద్దల మెదడుకు చిన్న నమూనా కాదు. పెద్దల్లో ఉద్రేకాన్ని చల్లార్చే గాబా అనే రసాయనం, అపరిపక్వ కణాల్లో అందుకు విరుద్ధంగా ఉద్రేకం కలిగించగలదని ఫ్రాన్స్‌లో యెహెజ్కేల్ బెన్-అరి బృందం 1989లో ఎలుకపిల్లల మెదడులో చూపింది. గాబా మీద ఆధారపడి పనిచేసే ఫినోబార్బిటాల్ అనే ఫిట్స్ మందు నవజాత శిశువుల్లో చాలాసార్లు ఎందుకు చాలడం లేదో అర్థం చేసుకోవడానికి ఇది ఒక దారి చూపింది. అయితే ఆ ఆలోచనతో బ్యూమెటనైడ్ అనే మందును నవజాత శిశువులకిచ్చి యూరప్‌లో చేసిన ప్రయోగాన్ని మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది. ఫలితం కనబడలేదు, పైగా కొందరికి వినికిడి దెబ్బతింది. ఎలుకలో నిజమైనది బిడ్డకు మందు కావడానికి ఎన్ని మెట్లు ఎక్కాలో ఇది గుర్తుచేస్తుంది.

ఇక మన సంగతి. మన ఆసుపత్రుల్లో ఫిట్స్ ఉన్న బిడ్డ తల్లిదండ్రుల నోట తరచూ వినిపించే మాట ‘పుట్టగానే ఏడవలేదు’. కాన్పు సమయంలో ఆక్సిజన్ అందకపోవడం పెద్ద కారణమే, నిజం. దాని పక్కనే మరొకటి దాగి ఉంటుంది. అది పుట్టిన తొలి రోజుల్లో రక్తంలో చక్కెర పడిపోవడం. బరువు తక్కువ బిడ్డ, పాలు సరిగా పట్టని బిడ్డ దీనికి సులువుగా లోనవుతారు. దానివల్ల మెదడు వెనుక భాగం దెబ్బతిని, నెలల తర్వాత బిడ్డ తల వాల్చుతూ, చేతులు ముందుకు చాస్తూ వరుసగా ఉలిక్కిపడుతుంటే, ఇంట్లోవాళ్లు కడుపునొప్పి అనో, భయపడ్డాడనో అనుకుంటారు. 1841లో ఇంగ్లండ్ వైద్యుడు విలియం జేమ్స్ వెస్ట్ తన కొడుకులోనే చూసి లాన్సెట్‌కు రాసిన లక్షణాలివి. ఆయన పేరుతోనే పిలిచే ఈ వెస్ట్ సిండ్రోమ్‌లో వారాల ఆలస్యం కూడా బిడ్డ ఎదుగుదలను తినేస్తుంది. ముర్రుపాలు గంటలోపు పట్టించడం, అనుమానమున్న బిడ్డకు మడమ గుచ్చి గ్లూకోమీటర్‌తో చూడటం ఏ పీహెచ్‌సీకీ భారం కాదు. ఆ ఉలికిపాటును ఫోన్‌లో వీడియో తీసి డాక్టర్‌కు చూపమని ఆశా కార్యకర్త చెప్పగలగాలి.

మేనరికం గురించి కూడా నిజాయితీగా మాట్లాడుకోవాలి. తల్లీతండ్రీ ఇద్దరూ ఒకే లోపాన్ని మోస్తేనే బయటపడే జబ్బులు దగ్గరి బంధువుల పెళ్లిళ్లలో ఎక్కువ. విటమిన్ బీ6తో అదుపయ్యే మూర్ఛ అలాంటిదే. చవకైన మాత్ర, సకాలంలో ఇస్తే ఫిట్స్ ఆగుతాయి. డ్రావే విషయం వేరు. అందులో లోపం చాలావరకు బిడ్డలోనే కొత్తగా పుడుతుంది. ఆ ఇంట్లో మేనరికాన్నో కోడలి పుట్టింటినో దోషిగా నిలబెట్టడం అన్యాయం. ఏది ఏదో జన్యుపరీక్షే చెప్పాలి, తర్వాతి కాన్పుకు ఎంత ముప్పుందో కూడా.

హైదరాబాద్‌లో సీడీఎఫ్‌డీ, నిమ్స్ సంస్థలు కలిసి అరుదైన వ్యాధుల జాతీయ విధానం కింద ఒక ప్రత్యేక కేంద్రంగా ఉన్నాయి. అయినా జన్యుపరీక్షకు అయ్యే వేల రూపాయలు కూలి చేసుకునే కుటుంబానికి కొండంత. రెండు తెలుగు రాష్ట్రాలూ తమ ఆరోగ్య పథకాల్లో, కనీసం రెండేళ్లలోపు మూర్ఛ మొదలైన పిల్లలకు, దీన్ని ఉచితం చేయాలి. చాలా రిపోర్టులు ‘అర్థం తేలని మార్పు’ అని వస్తాయి. పోల్చి చూసే జన్యుసమాచారంలో ఎక్కువ భాగం ఐరోపా సంతతిది కావడం అందుకు ఒక కారణం. హైదరాబాద్‌లోని సీసీఎంబీ భాగస్వామిగా జీనోమ్ ఇండియా ప్రాజెక్టు 10 వేల మంది జన్యుక్రమాలు సేకరించింది. ఆ సమాచారం పక్కన జిల్లా ఆసుపత్రులకు వచ్చే మూర్ఛ పిల్లల కాన్పు వివరాలు, ఈఈజీ, ఎంఆర్ఐ ఫలితాలు చేరితే తప్ప మన పిల్లల జబ్బుకు కారణాలు తేలవు. ఈ వివరాలన్నీ చేర్చే రిజిస్ట్రీని హైదరాబాద్ నీలోఫర్, విశాఖ కేజీహెచ్ వంటి పెద్దాసుపత్రుల నుంచి ఇప్పుడే మొదలుపెట్టవచ్చు.