విశాఖ ఔషధ రంగం: తయారీ నుండి పరిశోధన దిశగా - ప్రజల నమ్మకమే పునాది

విశాఖపట్నం: ఓడరేవుకు, ఉక్కు కర్మాగారానికి పేరుగాంచిన విశాఖపట్నం గత రెండు దశాబ్దాలలో ఔషధ తయారీ కేంద్రంగానూ గుర్తింపు పొందింది. 2002లో భీమునిపట్నం మండలం చిప్పాడలో దివీస్ లేబొరేటరీస్ తన రెండవ కర్మాగారాన్ని నెలకొల్పింది. అనంతరం పరవాడలో జవహర్‌లాల్ నెహ్రూ ఫార్మా సిటీ, అచ్యుతాపురంలో ప్రత్యేక ఆర్థిక మండలి రూపుదిద్దుకున్నాయి. 2022 జిల్లాల పునర్వ్యవస్థీకరణలో ఇవి అనకాపల్లి జిల్లా పరిధిలోకి వచ్చాయి. అదే జిల్లాలోని నక్కపల్లి వద్ద బల్క్ డ్రగ్ పార్కుకు 2025 జనవరి 8న విశాఖలో ప్రధానమంత్రి శ్రీ నరేంద్ర మోదీ శంకుస్థాపన చేశారు. మాత్రలో రోగాన్ని నయం చేసే మూల పదార్థమే బల్క్ డ్రగ్. వీటి కోసం చైనాపై ఆధారపడటాన్ని తగ్గించడం ఈ పార్కుల ముఖ్యోద్దేశం.

పరిశోధనలో తదుపరి మెట్టు

ఇతరులు కనుగొన్న మందును చౌకగా, నాణ్యంగా తయారు చేయడం ఒక ఎత్తు. కొత్త మందును కనుగొని, అది మనిషికి మేలు చేస్తుందని నిరూపించడం మరొక ఎత్తు. కొత్త మందును ముందుగా కొద్దిమందిపై, తరువాత పరిమిత సంఖ్యలో రోగులపై, ఆ పిమ్మట అధిక సంఖ్యలో రోగులపై దశలవారీగా పరీక్షించాలి. వీటినే క్లినికల్ ట్రయల్స్ అంటారు. 1923లో ప్రారంభమైన కింగ్ జార్జ్ ఆసుపత్రి, దానికి అనుబంధంగా ఉన్న ఆంధ్ర వైద్య కళాశాల ఈ రంగంలో విశాఖకు అండగా నిలువగలవు. 2020 జులైలో కోవాగ్జిన్ టీకా పరీక్షలకు భారత వైద్య పరిశోధన మండలి ఎంపిక చేసిన 12 సంస్థలలో కింగ్ జార్జ్ ఆసుపత్రి ఒకటి.

ఖమ్మం నేర్పిన పాఠం

అయితే ఈ పరీక్షలకు యంత్రాలు, భవనాల కన్నా ప్రజల నమ్మకం ముఖ్యం. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో 10 నుండి 14 సంవత్సరాల బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నివారణ టీకాపై అధ్యయనం చేపట్టారు. విమర్శలు రావడంతో 2010 ఏప్రిల్‌లో దానిని నిలిపివేశారు. రాష్ట్రంలో పరిశీలించిన 9,543 అంగీకార పత్రాలలో 2,763 పత్రాలపై తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేసినట్లు 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం తన నివేదికలో పేర్కొంది. ఆ టీకా మంచిదా కాదా అన్నది వేరే ప్రశ్న. అడగవలసిన వారిని అడగకపోవడమే అక్కడ జరిగిన లోపం.

రక్షణ కల్పిస్తున్న నిబంధనలు

ఇటువంటి అనుభవాల దృష్ట్యా నిబంధనలు క్రమంగా కట్టుదిట్టమయ్యాయి. ట్రయల్స్ వివరాలను జాతీయ రిజిస్ట్రీలో నమోదు చేయడం 2009 జూన్ 15 నుండి తప్పనిసరి అయింది. 2019 మార్చిలో అమలులోకి వచ్చిన కొత్త ఔషధాలు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం ట్రయల్‌లో పాల్గొనే వ్యక్తికి తీవ్ర హాని కలిగితే పరిశోధకుడు 24 గంటలలోగా తెలియజేయాలి. బాధితునికి ఉచిత వైద్యం అందించాలి. ఆ హాని ట్రయల్ వల్లనే కలిగిందని తేలితే నష్టపరిహారం చెల్లించాలి. నైతిక విలువల కమిటీలో కనీసం సగం మంది ఆ సంస్థకు సంబంధం లేనివారై ఉండాలి.

విశాఖ విషయంలో మరొక అంశం గమనార్హం. ఇక్కడి పెద్దాసుపత్రికి పాడేరు, అరకు ఏజెన్సీ ప్రాంతాల నుండి కూడా రోగులు వస్తారు. వారిలో కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడేవారు ఎందరో ఉన్నారు. తెలుగులో ముద్రించిన పత్రం కూడా వారికి పరాయి భాషే. వారి భాషలో వివరించి, వారు గ్రహించారని నిర్ధారించుకున్న తరువాతే వేలిముద్ర తీసుకోవాలి. అప్పుడే అది నిజమైన అంగీకారం అవుతుంది.

కర్మాగారాలలోనూ ఇదే సూత్రం వర్తిస్తుంది. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లోని ఒక ఔషధ పరిశ్రమలో సంభవించిన ప్రమాదంలో 17 మంది ప్రాణాలు కోల్పోయారు. మందు తయారు చేసే కార్మికునికి భద్రత లేనిచోట ఔషధ ప్రగతి సంపూర్ణం కాజాలదు.

ప్రజలు తెలుసుకోవలసినవి

ట్రయల్‌లో చేరమని కోరినప్పుడు జాతీయ రిజిస్ట్రీ నమోదు సంఖ్యను అడగవచ్చు. సంతకం చేసిన అంగీకార పత్రం ప్రతిని పొందవచ్చు. కారణం చెప్పకుండానే ఎప్పుడైనా వైదొలగవచ్చు, అందువల్ల సాధారణ చికిత్సకు ఎటువంటి ఆటంకం ఉండదు. ఈ హక్కులు ప్రతి రోగికీ తెలిసిన నాడు విశాఖలో ఔషధ పరిశోధన గట్టి పునాదిపై నిలబడగలదు.