విచారణ లేని వెండితెర

2008 సెప్టెంబరులో 'ఎ వెడ్నెస్‌డే' అనే హిందీ చిత్రం విడుదలైంది. ముంబయి నగరంలో ఒక బుధవారం, మధ్యాహ్నం మొదలై సాయంత్రానికి ముగిసిపోయే కథ అది. పేరు తెలియని ఒక సామాన్యుడు పోలీసు కమిషనరుకు ఫోను చేసి, నగరంలో బాంబులు అమర్చాననీ, నిర్బంధంలో ఉన్న నలుగురు ఉగ్రవాదులను తనకు అప్పగించాలనీ బెదిరిస్తాడు. వారిని కాపాడుకోవడానికి కాక చంపడానికే అతడు విడిపించుకుంటున్నాడని కథ చివరి భాగంలో మనకు తెలుస్తుంది. ముగ్గురు బాంబు పేలుడుకు బలవుతారు. నాలుగోవాడిని పోలీసు అధికారులే కాల్చి చంపుతారు. ఆ సామాన్యుడిని కమిషనరు గౌరవంగా సాగనంపుతాడు.

ఈ చిత్రాన్ని దేశం నెత్తిన పెట్టుకుంది. దర్శకుడు నీరజ్ పాండేకు ఉత్తమ తొలిచిత్ర దర్శకుడిగా జాతీయ పురస్కారం లభించింది. మరుసటి ఏడాదే కమల్ హాసన్, వెంకటేష్‌లు ప్రధాన పాత్రలు ధరించగా ఇదే కథ 'ఈనాడు' పేరుతో తెలుగు ప్రేక్షకుల ముందుకు వచ్చింది. ఇన్నేళ్ల తర్వాత ఈ చిత్రాన్ని మళ్లీ ఎందుకు తలచుకోవాలని పాఠకులు అడగవచ్చు. తెర మీద ఆ సామాన్యుడు ఇచ్చిన తీర్పునకు న్యాయస్థానంలో జవాబు వచ్చింది కనుకనే తలచుకోవలసి వస్తున్నది.

ఆ చిత్ర నాయకుడి ఆగ్రహానికి మూలం ఊహాజనితమైన ఘటన కాదు. 2006 జూలై 11 సాయంత్రం ముంబయి లోకల్ రైళ్లలో 11 నిమిషాల వ్యవధిలో ఏడు బాంబులు పేలాయి. 180 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. పని ముగించుకొని ఇళ్లకు బయలుదేరిన అమాయకుల శరీరాలు ఛిద్రమయ్యాయి. ఆ ఘాతుకాన్ని సమర్థించే నోరు ఏ మతంలోనూ ఉండకూడదు. మా సమాజం కూడా ఆ మృతుల కోసం కన్నీరు పెట్టింది. దోషులకు శిక్ష పడాలన్న కోరిక ఎంత బలమైనదో మాకూ తెలుసు.

అయితే చిత్రం విడుదలైన నాటికి ఆ కేసులో విచారణ పూర్తి కాలేదు. తెర మీద మాత్రం శిక్ష అమలైపోయింది. పట్టుబడినవాడే దోషి అన్నది ఆ కథకు పునాది. సాక్ష్యం ఏమిటి, ఒప్పుకోలు ఎలా వచ్చింది, గుర్తుపట్టినవారు ఎవరు అనే ప్రశ్నలకు అందులో చోటే లేదు. విచారణలు సంవత్సరాల తరబడి సాగడం వ్యవస్థ చేతగానితనమని నాయకుడు మండిపడతాడు. ఇంట్లో బొద్దింకలు చేరితే ఏం చేస్తామో ఇక్కడా అదే చేయాలని వాదిస్తాడు. ప్రేక్షకులు చప్పట్లు కొట్టారు.

2015 సెప్టెంబరులో ప్రత్యేక న్యాయస్థానం ఆ కేసులో 12 మందిని దోషులుగా తేల్చింది. వారిలో ఐదుగురికి మరణశిక్ష, ఏడుగురికి యావజ్జీవం విధించింది. 2025 జూలై 21న బొంబాయి హైకోర్టు ఆ 12 మందినీ నిర్దోషులుగా ప్రకటించింది. ఒప్పుకోలు వాంగ్మూలాలు నమ్మదగినవి కావనీ, గుర్తింపు సాక్ష్యాలు నిలబడవనీ, ఏ రకం బాంబు వాడారో కూడా ప్రాసిక్యూషన్ నిరూపించలేకపోయిందనీ తేల్చి చెప్పింది. కేసు ఛేదించినట్టు కనిపించేలా చేస్తే ప్రజలకు దక్కేది మోసపు ఊరటేననీ, అసలు ముప్పు బయటే తిరుగుతూ ఉంటుందనీ హెచ్చరించింది. రాష్ట్ర ప్రభుత్వం అప్పీలుకు వెళ్లగా, ఈ తీర్పును ఇతర కేసులకు ప్రమాణంగా తీసుకోరాదని సుప్రీంకోర్టు ఆదేశించింది. విడుదలైనవారు తిరిగి జైలుకు వెళ్లనవసరం లేదనీ స్పష్టం చేసింది. నిర్దోషులని హైకోర్టు చెప్పే నాటికి వారి జీవితంలో 19 ఏళ్లు గడిచిపోయాయి. వారిలో ఒకరు ఆ మాట వినకుండానే 2021లో నిర్బంధంలో ఉండగా కన్నుమూశారు.

ఆ సామాన్యుడి తొందరను ఈ దేశం నిజంగా పాటించి ఉంటే ఏమయ్యేది? సరిదిద్దుకోవడానికి మనుషులే మిగిలేవారు కాదు. మృతుల కుటుంబాలకు మాత్రం ఏం దక్కింది? తమవారిని చంపిందెవరో వారికి నేటికీ తెలియదు. విచారణను అవమానించిన కథ బాధితులకూ ద్రోహమే చేసింది.

ఇది ముంబయికే పరిమితమైన గాథ కాదు. 2007 మే 18న హైదరాబాద్ మక్కా మసీదులో జుమా నమాజు వేళ బాంబు పేలింది. చనిపోయింది నమాజుకు వచ్చినవారే. అయినా అనుమానం పాతబస్తీ యువకుల మీదనే వాలింది. పదుల సంఖ్యలో యువకులను పట్టుకుపోయారు. చిత్రహింసలు పెట్టారన్న ఆరోపణలపై రాష్ట్ర మైనారిటీ కమిషన్ విచారణ జరిపించింది. వారు నిర్దోషులని తేలాక నాటి ప్రభుత్వమే నష్టపరిహారమూ, సత్ప్రవర్తన పత్రాలూ ఇచ్చింది. ఆ పరిహారాన్ని 2013లో హైకోర్టు కొట్టివేసింది. తర్వాత నిందితులుగా విచారణ ఎదుర్కొన్న ఐదుగురినీ 2018 ఏప్రిల్ 16న ప్రత్యేక న్యాయస్థానం సాక్ష్యం చాలదని విడిచిపెట్టింది. మసీదులో రక్తం చిందినవారికి న్యాయం ఎవరిచ్చారు?

'ఎ వెడ్నెస్‌డే' చివరలో ఒక సన్నివేశం ఉంది. సామాన్యుడు తన పేరు చెప్పాడనీ, పేరులో మనుషులు మతాన్ని వెదుకుతారు కనుక దానిని తాను బయటపెట్టననీ కమిషనరు అంటాడు. ఉదాత్తమైన మాటే. కానీ చంపబడిన నలుగురి పేర్లూ ప్రేక్షకులకు మొదటినుంచీ వినిపిస్తూనే ఉన్నాయి. అందరివీ ముస్లిం పేర్లే. చంపినవాడి పేరుకు దక్కిన ఆ మర్యాద చచ్చినవారి పేర్లకు ఎందుకు దక్కలేదు?

దానికి తూకంగా ఆరిఫ్ అనే ముస్లిం పోలీసు అధికారిని చూపించారని కొందరు అంటారు. నిజమే, అతడు ధైర్యవంతుడు. కానీ నాలుగోవాడిని కాల్చి, అది ఆత్మరక్షణ అనిపించేలా కట్టుకథ అల్లినవారిలో అతడూ ఉన్నాడు. చెడ్డ ముస్లిం చంపబడాలి, మంచి ముస్లిం చంపాలి. ఈ రెంటికీ నడుమ బడికి వెళ్లే పిల్లలు, దర్జీ పని చేసే తండ్రులు, అద్దె ఇంటి కోసం వీధివీధీ తిరిగే కుటుంబాలు తెర మీద కనిపించరు. 2021 నాటి 'సూర్యవంశీ' దాకా ఇదే మూస సాగింది. మామూలు పౌరులుగా మన మధ్యనే బతుకుతున్న ఉగ్రవాదులను చూపిన అటువంటి చిత్రాలు చూసి ఇంటికి వెళ్లిన ప్రేక్షకుడు, మరునాడు పక్కింటివాడిని ఏ కళ్లతో చూస్తాడు?

మేము ఏ చిత్రాన్నీ నిషేధించమని కోరడం లేదు. హాళ్ల ముందు గొడవలు ఆ చిత్రాలకే ప్రచారం, మనకే కేసులు. కోరేది వేరు. ఇలాంటి చిత్రం ఇంట్లో టీవీలో వచ్చినప్పుడు తల్లిదండ్రులు పిల్లల పక్కన కూర్చొని, "వీళ్లు నేరం చేశారని ఎవరు నిరూపించారు?" అని అడగాలి. నిందితులందరూ అమాయకులేనన్న గుడ్డి వాదనా మనకు వద్దు. న్యాయం మనవారికి వ్యతిరేకంగా వచ్చినా దాని పక్షానే నిలబడాలని మన ధర్మం నేర్పింది. కార్యకర్తలు అరెస్టు నాటి కలకలంతో ఆగిపోకుండా, తీర్పు వచ్చేదాకా కేసులను వెంబడించాలి. విడుదలైనవారికి ఉపాధి చూపే బాధ్యత సమాజానిదే.

తెలుగు దర్శకులకు ఒక మాట. నిందితుల పక్షాన వాదిస్తూ 2010 ఫిబ్రవరిలో హత్యకు గురైన న్యాయవాది షాహిద్ ఆజ్మీ జీవితంపై హన్సల్ మెహతా 'షాహిద్' తీశారు. అందులో నటించిన రాజ్‌కుమార్ రావుకు జాతీయ పురస్కారం వచ్చింది. ఉత్కంఠ కావాలంటే న్యాయస్థానంలోనూ ఉంది. నిర్దోషి అనిపించుకోవడానికి పట్టిన 19 ఏళ్ల కథను తెలుగులో తీసేవారు ముందుకు రావాలి. టికెట్టు కొని చూడటానికి మా కుటుంబాలు సిద్ధంగా ఉన్నాయి.