ఫోటో అబద్ధం చెప్పదా?

“ఫోటో అబద్ధం చెప్పదు” అనే మాట మన సమావేశాల్లో కూడా తరచు వినిపిస్తుంది. కెమెరాకు పక్షపాతం లేదంటారు. నిజమే, కెమెరాకు లేదు. దాన్ని ఎటు తిప్పాలో, ఎవరిని ఫ్రేములోంచి తప్పించాలో, కింద ఏ వాక్యం రాయాలో నిర్ణయించే మనిషికి మాత్రం ఉంటుంది.

1936 మార్చిలో అమెరికాలోని కాలిఫోర్నియాలో, బఠాణీ చేలల్లో పనికొచ్చిన వలస కూలీల మకాం దగ్గర డొరోతియా లాంగ్ ఒక తల్లినీ పిల్లల్నీ ఫోటోలు తీసింది. లాంగ్ అప్పుడు ప్రభుత్వ సంస్థలో పని చేస్తోంది. వాటిలో ‘వలస తల్లి’గా పేరొందిన ఒక్క ఫోటో లోకమంతా తిరిగింది. ఇతర ఫోటోల్లో ఉన్న గుడారం, ఎదిగిన కూతురు ఇందులో లేరు. ఒక మూల కనిపించే బొటనవేలిని కూడా తర్వాత నెగెటివ్‌లో చెరిపించారు.

ఆ తల్లి పేరు లాంగ్ అడగనే లేదు. కారు టైర్లు అమ్ముకుని తిండి కొనుక్కున్నారని మాత్రం రాసింది. అది నిజం కాదని తర్వాత ఆ కుటుంబమే చెప్పింది. 1978లో ఆమె నోరు విప్పాక గానీ లోకానికి ఆమె పేరు తెలియలేదు: ఫ్లారెన్స్ ఓవెన్స్ థాంప్సన్, చెరోకీ ఆదివాసీ స్త్రీ. ఆ ఫోటో వల్ల తనకు ఒరిగిందేమీ లేదని ఆమె ఆగ్రహం.

ఫోటోలు పత్రికలో వచ్చాకే కదా ఆ మకాముకు తిండిగింజలు చేరాయి అంటారు. చేరాయి. అప్పటికే ఆమె కుటుంబం అక్కడి నుంచి వెళ్ళిపోయింది.

అమెరికా సంగతి సరే, మన సంస్థల నివేదికలు తిరగేద్దాం. ధర్నాలో పిడికిలెత్తిన స్త్రీ ఫోటో పక్కన పెట్టి, అదే స్త్రీ కొంగుతో కళ్ళు తుడుచుకుంటున్న ఫోటోని అట్ట మీద వేస్తున్నది మనం కాదూ? కింద “ఒక బాధితురాలు” అని రాస్తున్నదీ మనమే. రెండూ నిజం ఫోటోలే. ఏది నిధులు తెస్తుందో అదే ‘వాస్తవం’ అవుతోంది!

అయితే ఫోటోలే వద్దా? ఒంటి మీద దెబ్బలకు ఫోటో తప్ప రుజువు లేని సందర్భాలు మనకు తెలుసు. అది సాక్ష్యమే, తీర్పు కాదు. ఏ సాక్షినైనా ఎవరివి, ఎక్కడ నిలబడి చూశావు, ఏం వదిలేశావు అని అడుగుతాం. ఫోటోనూ అలాగే అడగాలి. అచ్చుకు ముందు ఆ ఫోటో, దాని కింది వాక్యం ఆమెకు చూపించాలి, చదివి వినిపించాలి. వద్దంటే మానుకోవాలి. పేరు వేస్తే ప్రమాదమైన చోట పేరు దాచుదాం, ఆమె మాటను మాత్రం దాచవద్దు.

ఫోటోలో ఉన్న స్త్రీకి తన ఫోటో గురించి మాట్లాడే హక్కు లేనంత కాలం, అందులో కనిపించేది ఆమె వాస్తవం కాదు, మన చూపు మాత్రమే.